నల్ల డబ్బా, ఎర్ర లైటు

ధర్మవరంలో కుళాయి నీళ్లు వదిలిన రోజున ఇళ్లలో మనుషులుండరు. ఆ ఉదయం కూడా అత్తాకోడళ్లిద్దరూ బిందెలు తీసుకుని వీధి చివరికి పరుగెత్తారు. కొడుకు నాగేశ్వర పట్టు కొనడానికి మార్కెట్టుకు వెళ్లాడు. మగ్గాలింకా మొదలు కాలేదు. ఇంట్లో గోవిందప్ప ఒక్కడే మిగిలాడు.

అతనికి కావలసిందీ అదే.

హాల్లో టీవీ బల్ల మీద కెమెరాల రికార్డరు ఉంది. మగ్గాల గదిలో జరీ దారం చుట్టిన కండెలు మాయమవుతున్నాయని అనుమానం వచ్చాక గోవిందప్ప పట్టుబట్టి పెట్టించిన పెట్టె అది. పెట్టిన మొదటి రోజునే దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టాడు. తీరా చూస్తే దాంట్లో వారం రోజుల బొమ్మలే నిలుస్తాయి. కొత్తవి వచ్చి పాతవాటి మీద కూర్చుంటాయి. కండెలు తగ్గిన సంగతి బయటపడేది నెలాఖరున. అప్పటికి దొంగ బొమ్మ ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది.

"బయట ఇంకో డిస్కు తగిలిస్తే నెలంతా నిలుస్తుంది" అన్నాడు కెమెరాలు బిగించిన అతను. అనంతపురం పోయినప్పుడు తెస్తానన్నాడు నాగేశ్వర. అంతవరకు ఆగడం గోవిందప్ప వల్ల కాలేదు. కోడలు అరుణజ్యోతి కంప్యూటరు పక్కన అరచేయంత నల్ల డబ్బా ఒకటి చాలా రోజులుగా కనిపిస్తోంది. పాటలో సినిమాలో ఉంటాయిలే అనుకున్నాడు. దాన్ని తెచ్చి, వైరు రికార్డరు వెనక గుచ్చి, బిగించిన అతనికి ఫోను చేశాడు.

"తెర మీద ఇంగ్లీషులో ఏందో అడుగుతాండాదప్పా."

"ఎస్ కొట్టండి. డిస్కులో ఏమన్నా ఉంటే మొత్తం పోతుంది మరి. కొత్తదే కదా?"

"కొత్తదే, కొత్తదే" అని గోవిందప్ప నొక్కేశాడు.

డబ్బా మీద చిన్న ఎర్ర లైటు వెలిగింది. మిణుకు మిణుకుమంటూ పని మొదలుపెట్టింది. దాన్ని టీవీ వెనక్కి తోసి, చేతులు దులుపుకుని, తృప్తిగా ఆకువక్క నోట్లో వేసుకున్నాడు.

కాసేపటికి లోపలి గదిలో నుంచి కోడలి గొంతు వినిపించింది.

"అత్తా, నా డబ్బా చూసినారా? కంప్యూటరు పక్కన ఉండె."

"నీ డబ్బాలు నాకేం తెల్సుమ్మా! బిందె దించు ముందు" అంది ఓబులమ్మ.

అరుణజ్యోతి హాల్లోకి వచ్చింది. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటున్నాయి. ముఖంలో రంగు లేదు. "మామా, నల్ల డబ్బా. ఇంత ఉంటాది. మీరేమన్నా చూసినారా?"

'ఇదిగో, ఈడుంది' అనబోయాడు గోవిందప్ప. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"రెండేండ్ల డిజైన్లు అందులోనే ఉండాయి మామా. కరెంటు ఎక్కువై కంప్యూటరు కాలిపోయిందే, అప్పుడు అన్నీ తీసి అందులో పెట్టుకున్న్యా. ఇంక యాడా లేవు. ఎల్లుండి బెంగళూరు షావుకారికి చూపించాల."

నాలుక మీది మాట వక్కతో పాటు లోపలికి జారిపోయింది.

గోవిందప్పకు డిజైన్ అంటే అట్టలు. చిల్లులు కొట్టి, దారంతో కుట్టి, మగ్గం మీద వేలాడదీసేవి. చేత్తో తడిమితే తగులుతాయి. వాటిని ఎవరన్నా ముట్టుకుంటే చేతులు విరగ్గొట్టేవాడే. ఆ నల్ల డబ్బాలో చీరల కొంగులు, అంచులు, బుటాలు ఉంటాయని అతనికి ఎలా తెలుస్తుంది? ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

'మొత్తం పోతుంది మరి' అన్న మాట చెవిలో మోగింది.

"నేను చూడల్యామ్మా" అన్నాడు.

చాలా తేలిగ్గా వచ్చేసింది అబద్ధం.

పక్క గదులన్నీ వెతికారు. పరుపులు ఎత్తారు. పాపం, అరుణజ్యోతి బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసింది. చివరికి కంప్యూటరు బాగుచేసిన ఇంజినీరుకు ఫోను చేసింది. మీ దగ్గర ఒక కాపీ ఏమైనా మిగిలిందా అని ప్రాధేయపడింది. లేదన్నాడు. ఇంకేదో చెప్పాడు. ఆమె ఫోను పెట్టేసి అత్తతో అంది.

"ఎవరన్నా తెలియక తుడిచేసినా బెంగళూరులో తిరిగి తీయొచ్చంట అత్తా. దాని మీద కొత్తది ఏమీ ఎక్కకుండా ఉంటే చాలంట. ఎక్కిన కొద్దీ కింద ఉండేది పోతాదంట."

గోవిందప్ప చూపు టీవీ వెనక్కి పోయింది. గోడ మీద ఎర్రటి నీడ ఒకటి వెలుగుతోంది, ఆరుతోంది. వెలిగినప్పుడల్లా కోడలి కొంగు ఒకటి చెరిగిపోతోంది. మళ్లీ వెలిగింది. ఒక అంచు పోయింది. ఇంకోటి.

లేచి వైరు లాగేస్తే సరి. కానీ హాలు మధ్యలో ఓబులమ్మ కూర్చుని ఉంది. కోడలు బల్ల దగ్గరే నిలబడి ఉంది. వాళ్ల ముందు లాగితే ఏమని చెప్పాలి?

"నీళ్లు వేడిగా ఉండాయా? నాకు స్నానానికి..." అన్నాడు, వాళ్లను లేపుదామని.

"కొంపలు మునిగి కోడలు ఏడుస్తాంటే నీకు స్నానమా!" అంది ఓబులమ్మ. కదల్లేదు.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గోడ మీద ఎర్ర నీడ మాయమైంది. గోవిందప్ప గుండె తేలికపడి కళ్లు మూసుకున్నాడు. మూలన ఇన్వర్టరు కుయ్యిమంది. కళ్లు తెరిచేసరికి లైటు మళ్లీ మిణుకుమంటోంది. దొంగల కోసం రికార్డరు ఒక్క క్షణం కూడా ఆగకూడదని ఇన్వర్టరుకు కలిపించింది కూడా అతనే.

కండెలు చుట్టే తిప్పమ్మ అప్పుడే గడప దాటి లోపలికి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో పని చేస్తున్న మనిషి.

"మే తిప్పమ్మా, నిన్న సాయంత్రం కోడలి గది ఊడ్చింది నువ్వే గదా?" అంది ఓబులమ్మ.

"నేనేమ్మా. ఏం, యాల?"

"ఆడ డబ్బా ఒకటి ఉండె. పోయింది."

తిప్పమ్మ నవ్వబోయి ఆగింది. ఒక్కొక్కరి ముఖమూ చూసింది. "నేను తీసినానని అడుగుతాండావా?"

"తీసినావని యాడన్న్యా? ఊడ్చేటప్పుడు చెత్తలో ఏమన్నా..."

"అంతేలేమ్మా. కండెలు పోతే నన్నే చూసిరి. కెమెరా తెచ్చి నా నెత్తిన పెట్టిరి. ఇప్పుడు డబ్బా."

"వద్దులే అత్తా, తిప్పక్క తీయదు" అంది అరుణజ్యోతి. అయినా ఆమె కళ్లు తిప్పమ్మ చేతిసంచీ మీద ఒక్క క్షణం నిలిచాయి. తిప్పమ్మ అది చూసింది.

గోవిందప్ప కూడా చూశాడు.

నాగేశ్వర స్కూటరు ఆపి లోపలికి వచ్చాడు. సంగతి విని తల కొట్టుకున్నాడు. "ఇంతోటి దానికి కొట్లాటెందుకు? హాల్లో గూడా కెమెరా ఉండాదిగదా! నాయనా, రికార్డింగు చూస్తే తెలిసిపోతాది. కాళ్లు కడుక్కొని వస్తా, ఉండు."

"ఎవరూ ఏమీ చూడబళ్లేదు!" అని అరిచింది తిప్పమ్మ. చేతిసంచీని నేల మీద బోర్లించింది. సద్దిడబ్బా, వక్కాకు తిత్తి, కంటి చుక్కల సీసా, మనవరాలి గాజులు రెండు బయటపడ్డాయి. సద్దిడబ్బా మూత ఊడి సంగటి ముద్ద బండల మీద దొర్లింది. "చూడండి! ఇంకేమన్నా ఇప్పాలనా?"

ఖాళీ సంచీని మళ్లీ దులిపింది.

గోవిందప్ప లేచాడు. సంగటి ముద్దను దాటుకుని టీవీ దగ్గరికి వెళ్లాడు. వెనక్కి చెయ్యి పెట్టి వైరు పట్టి లాగాడు. రికార్డరు కీచుమని అరిచింది. నల్ల డబ్బాను కోడలి ముందు పెట్టాడు. అది వెచ్చగా ఉంది.

"నేనే తీసినా" అన్నాడు.

రికార్డరు ఒక్కటే కీచుమంటోంది. నాగేశ్వర తడికాళ్లతో పరుగెత్తుకొచ్చాడు. విషయం అర్థమయ్యాక అతని నోటికి అడ్డు లేకుండా పోయింది. "నేను తెస్తానంటినే! నీకేం తొందర నాయనా? ఇంగ్లీషులో అడిగితే ఒక మనిషిని పిలిచి చూపించల్లని తెల్దా? దొంగల్ని పట్టేకి పెట్టి, నువ్వే..."

"చాల్లే. తెలియక చేసినారు" అంది అరుణజ్యోతి. డబ్బాను రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. "నువ్వు ముందు దీన్ని బెంగళూరు తీసకపో. జల్దీ."

నాగేశ్వర అదే స్కూటరు మీద స్టేషనుకు వెళ్లాడు. గోవిందప్ప తిప్పమ్మకు చేతులు జోడించాడు. ఆమె సంగటి ముద్ద తీసి కుక్కకు వేసి, "నాకు దండాలొద్దన్నా. ఆ కెమెరా మూతి గోడకు తిప్పు, చాలు" అంది.

మరునాటి సాయంత్రం దాకా ఆ ఇంట్లో మగ్గాల చప్పుడు తప్ప మాటలు లేవు. గోవిందప్ప అన్నం కలిపి వదిలేశాడు. బెంగళూరు నుంచి నాగేశ్వర ఫోను చేయగానే అందరూ హాల్లోకి వచ్చారు. అరుణజ్యోతి చాలాసేపు వింది. "ఊ... ఊ... కొంగులు?" అని అడిగింది. ఫోను పెట్టేసి అలాగే బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"సగం వచ్చినాయంట. అంచులు, బుటాలు. కొంగులు రాల్యా. మొదట్లోనే లాగింటే అన్నీ వచ్చేవంట." నిన్నటి నుంచి బిగబట్టిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మామ ముఖం చూసి తనే తమాయించుకుంది. "పోనీలే మామా. మీరు దిగులు పడొద్దండి. నేను అడిగింది ఆ డబ్బానేనని మీకు అప్పుడు తట్టిండదు. తట్టిన వెంటనే లాగి ఇచ్చినారు గదా."

ఓబులమ్మ నిట్టూర్చింది. "అంతేమ్మా. తెలియక జరిగింది."

విషయం అక్కడితో ముగిసిపోయేది. గోవిందప్ప తలూపి ఊరుకుంటే చాలు. ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

"కాదమ్మా" అన్నాడు.

అరుణజ్యోతి తలెత్తింది.

"నాకు ముందే తెలుసు. నువ్వు మొదటిసారి అడిగినప్పుడే తెలిసింది. కొత్తది ఎక్కితే పోతాదని నువ్వు చెప్పినప్పుడు ఆ లైటు చూస్తానే ఉండా. చూస్తానే కూచున్న్యా. కోడలి ముందర తల వంచాల్సి వస్తాదని నోరు మూసుకున్న్యా. తిప్పమ్మను అంటాంటే కూడా మూసుకున్న్యా." టీవీ వెనక వైపు వేలు చూపించాడు. "నీ డబ్బా తీసింది తెలియక. కొంగులు పోగొట్టింది తెలిసే."

ఓబులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోవిందప్ప కళ్లలో నుంచి నీళ్లు కారి తెల్ల మీసంలోకి దిగాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతని కన్నీళ్లు చూడటం అదే మొదలు.

అరుణజ్యోతి కళ్లు తుడుచుకుంది. పోనీలే అనలేదు ఈసారి.

"తెలిసి చేసినదానికి ఊరికే వదిలేది లేదు మామా."

"ఏమన్నా అను తల్లీ. పడతా."

"అనేదేం లేదు. కొంగులు మళ్లీ గీయాల. రేపు అంచులు చూపించి, కొంగులకు గడువు అడుగుతా. అవి అయ్యేదాకా నేను వంటింట్లోకి రాను. నీళ్లకు పోను. ఆ పనులన్నీ ఎవరు చేస్తారో మీరే చూసుకోండి."

ఓబులమ్మ ఏదో అనబోయింది. గోవిందప్ప చెయ్యెత్తి ఆపాడు. "నేను చేస్తా."

"నువ్వా! కాఫీ అన్నా పెట్టొస్తాదా నీకు?" అంది ఓబులమ్మ.

"నేర్పు."

మళ్లీ కుళాయి నీళ్లు వదిలిన ఉదయం, ధర్మవరం వీధిలో ఒక వింత జరిగింది. బిందెల వరసలో ఆడవాళ్ల మధ్య గోవిందప్ప నిలబడ్డాడు. "ఏమన్నా, కోడలు తరిమినాదా?" అని తిప్పమ్మ గట్టిగా నవ్వింది. "కోడలికి పనుండాది మే" అన్నాడతను, బిందె ముందుకు జరుపుతూ. వరసలో వాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు.

ఇంటికొచ్చి కాఫీ పెట్టాడు. పాలు సగం పొంగి పొయ్యి పాలయ్యాయి. మిగిలిన కాఫీ గ్లాసులో పోసుకుని కోడలి గది గడప బయట ఆగాడు. కంప్యూటరు తెర మీద గళ్లు గళ్లుగా ఒక నెమలి మొదలైంది. తల, మెడ వచ్చాయి. తోక ఇంకా రాలేదు.

"రావచ్చునా అమ్మా?"

అరుణజ్యోతి వెనక్కి తిరగలేదు. ఎడమ చేత్తో బల్ల మీద గ్లాసు పట్టేంత చోటు చేసింది.

"రండి మామా. ఈ మెడ ఒంపు మగ్గం మీద సరిగ్గా పడతాదో లేదో, కూచుని చూసి చెప్పండి."