ఇంకొకరి సంతకం

వైదేహిని పరిగెత్తొద్దన్న వాళ్ళ లిస్టు పెద్దదే. మోకాళ్ళు అరిగిపోతాయంది పక్కింటి ఝాన్సీలక్ష్మి. నలభై ఆరేళ్ళకి ఇప్పుడీ పరుగులెందుకన్నాడు మొగుడు అమరేశ్వరరావు. "మామ్, దేరీజ్ నో సిగ్నల్ దేర్" అంది పదిహేనేళ్ళ కూతురు అనన్య, ఫోన్లోంచి తలెత్తకుండా. అందరి మాటా వినడం, అందరికీ తలూపడం, ఆదివారం మధ్యాహ్నం కాగానే బూట్లు కట్టుకుని బయల్దేరడం వైదేహి పద్ధతి. వారమంతా ఆఫీసుకీ ఇంటికీ పోగా మిగిలిన ఆ ఒక్క గంటా తనది. దాన్ని ఎవరికీ ఇచ్చేది లేదు.

వాళ్ళుండే కెనడాలోని కిచెనర్ నుంచి అరగంట డ్రైవ్ చేస్తే వస్తుందా చెరువు. చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల కాలిబాట. సగం నీళ్ళ పక్కన, సగం దేవదారు చెట్ల మధ్య. చిత్తడి నేల మీద పొడుగాటి చెక్కల వంతెన. బాట మొదట్లో ఒక చెక్కపెట్టె, అందులో రిజిస్టరు, దారం కట్టిన పెన్ను. పేరు, లోపలికెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము, సంతకం. చీకటిపడే వేళకి వాల్టర్ అనే కాపలా పెద్దాయన వచ్చి పుస్తకం చూస్తాడు. ఎవరైనా బయటికొచ్చినట్టు సంతకం లేకపోతే, పాపం ఆ అరిగిన మోకాలితోనే టార్చి పట్టుకుని బాటంతా వెతుకుతాడు. దొరక్కపోతే పోలీసుల్ని పిలుస్తాడు. అన్ని సంతకాలూ ఉంటే గేటు వేసుకుని ఇంటికి పోతాడు.

ఇక్కడ వైదేహి గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. వరంగల్లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆమె చేతికి అటెండెన్స్ షీటు వచ్చిందంటే, హాస్టల్లో దుప్పటి కప్పుకుని పడుకున్న పదకొండు మంది క్లాసులో ఉన్నట్టే లెక్క. ఎవరి సంతకమైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చు దింపేసేది. ప్రాక్సీ వెయ్యడం తప్పని అక్కడెవరూ అనుకోలేదు. అది స్నేహం కిందే జమ.

మూడు వారాల కిందట, సన్నగా వాన పడుతున్న ఆదివారం, పరుగు ముగించి తన సంతకం పెడుతుంటే పై గడిలో 'నోరా' అనే పేరు కనిపించింది. లోపలికి రెండూ పది. బయటికి వచ్చిన గడి ఖాళీ. వైదేహి తలెత్తి పార్కింగ్ చూసింది. ఒక్క కారూ లేదు. 'వెళ్ళిపోయింది, సంతకం మర్చిపోయింది. ముసలాయన ఈ వానలో ఊరికే తిరుగుతాడు' అనుకుంది. చెయ్యి దానంతటదే కదిలింది. నాలుగున్నర అని వేసి, నోరా చేతిరాతలోనే గీసేసింది. ఇరవై నాలుగేళ్ళయినా చేతికి ఒడుపు పోలేదని నవ్వుకుంది కూడా.

తన కారు కూడా ఆ పార్కింగ్‌లో ఉండదనీ, తనెప్పుడూ రోడ్డు మీద చర్చి దగ్గర పెట్టి నడిచొస్తుందనీ ఆ క్షణాన తట్టలేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు జలుబు చేసి రాలేదు. ఈ రోజే మళ్ళీ వచ్చింది. నిన్న రాత్రే గడియారాలు గంట వెనక్కి జరిపారు. ఐదింటికే చీకటి పడుతుందన్న సంగతి మర్చిపోయి, తీరిగ్గా మూడూ ముప్పావుకి పేరు రాసి పరుగు మొదలుపెట్టింది. చెరువు కదలకుండా ఉంది. రాలిన ఆకుల వాసన, చన్నీళ్ళ వాసన. ఎక్కడో ఒక నీటిపిట్ట అరిచి ఊరుకుంది. ఒళ్ళు వేడెక్కి, ఊపిరి దారిలో పడి, వారం రోజుల చిరాకంతా అడుగు కింద నలిగిపోతుంటే వైదేహికి హాయిగా ఉంది.

నాలుగో కిలోమీటరు దగ్గర, బెంచీ పక్క స్తంభానికి ఒక కాగితం కొట్టి ఉంది. ఫొటోలో ఒకమ్మాయి, ఉన్ని టోపీ, చిన్న నవ్వు. కనిపించడం లేదు. నోరా, ముప్పై ఒకటి. ఆ ఆదివారం స్నేహితురాలు కారులో దింపి వెళ్ళింది. కింద ఇంకో వాక్యం: రిజిస్టరు ప్రకారం నాలుగున్నరకి ఆమె బాట దాటి బయటికి వచ్చింది కాబట్టి, టౌన్లో ఆమెను చూసినవాళ్ళు తెలియజేయగలరు.

వైదేహి ఆ వాక్యం మళ్ళీ చదివింది.

ఈ అడవిలో ఎవరూ వెతకలేదు. మూడు వారాలు. తన సంతకం వల్ల.

బెంచీ మీద కూలబడబోయి, తమాయించుకుంది. ఏడిస్తే ఏమొస్తుంది? 'వెళ్ళి చెప్తా. ఉద్యోగం పోనీ, పరువు పోనీ, కేసే పెట్టనీ... నేనే పెట్టానని చెప్తా' అనుకుని కదిలింది. ముందుకెళ్ళినా నాలుగే, వెనక్కెళ్ళినా నాలుగే. ముందుకే పరిగెత్తింది.

వెలుతురు తగ్గుతోంది. దేవదారుల కింద అప్పుడే చీకటి.

వంతెన ఎక్కాక వినిపించింది. చెక్కల మీద తన అడుగులు... వాటి వెనక ఇంకొకరివి. తనతో సమానంగా. వైదేహి ఆగింది. ఆ అడుగులూ ఆగాయి.

తర్వాత ఇంకొక్క అడుగు.

తడిసిన ఉన్ని వాసన. బురద వాసన. మెడ మీద చల్లగా ఏదో తగిలింది. చెవి దగ్గరే, గాలి కంటే కాస్త గట్టిగా...

"ఫోర్... థర్టీ..."

కాళ్ళు పరిగెత్తమన్నాయి. వైదేహి మాత్రం వెనక్కి తిరిగింది. ఖాళీ వంతెన. చెక్కల మీద నీటి మరకలు మాత్రం తనదాకా వచ్చి ఆగి ఉన్నాయి.

"అవును, నేనే పెట్టాను." తెలుగులోనే అంది. "తప్పు నాదే. దాచను. ఇప్పుడే పోయి చెప్తా. వెంట వస్తావా, రా. కానీ నన్ను ఆపకు."

మళ్ళీ పరుగందుకుంది. ఈసారి వెనక అడుగులు లేవు. విన్నదనుకుంది. మాట విని వెనక్కి పోయిందనుకుంది.

చెరువు మలుపు తిరిగేసరికి అవతలి ఒడ్డున టార్చి వెలుగు. వాల్టర్. పెట్టె తెరిచి పుస్తకం మీద వెలుగు వేశాడు. వైదేహికి ప్రాణం లేచొచ్చింది. తన గడి ఖాళీగా ఉంటుంది, ఆయన వెతుక్కుంటూ ఎదురొస్తాడు. కానీ ఆయన ఒక్క నిమిషం అక్కడే నిలిచి, పెట్టె మూసేసి, గేటు వైపు కదిలాడు.

"వాల్టర్!" గొంతు చించుకుని అరిచింది. ఆయనకి చెవుడు. ట్రక్కు స్టార్టయిన చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చింది. పోయింది.

పెట్టె దగ్గరికి చేరేసరికి ఐదుంపావు. ఫోన్ లైటు వేసి చూసింది. వైదేహి. లోపలికి మూడూ ముప్పావు. బయటికి నాలుగున్నర. పక్కన సంతకం... చివర్లో కిందికి లాగిన తోకతో సహా, అచ్చం తనదే. సిరా ఇంకా తడిగా ఉంది. కాగితం కూడా.

అప్పుడర్థమైంది. ఆ సంతకం ఉన్నంతసేపు తనకోసం ఎవరూ రారు.

"నాకే ప్రాక్సీనా?" అంది పళ్ళు బిగబట్టి. పెన్ను తీసి ఆ గడి అడ్డంగా కొట్టేసింది. పేజీలు వెనక్కి తిప్పి నోరా గడి కూడా కొట్టేసింది. పక్కన పెద్దక్షరాలతో ఇంగ్లిష్‌లో రాసింది: 'ఈ సంతకం నేను పెట్టాను. నోరా బయటికి రాలేదు. వెతకండి.' కింద తన పేరు, ఫోన్ నంబరు. గేటు ఎక్కి దూకి, చర్చి దాకా ఆగకుండా పరిగెత్తింది. అక్కడ సిగ్నల్ వచ్చింది. పోలీసులకి ఫోన్ చేసి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. అక్కడే ఉండమన్నారు. ఉంటానంది.

తర్వాత ఇంటికి చేసింది. అమరేశ్వరరావు ఆఫీసు పని మీద కాల్గరీ వెళ్ళాడు. అనన్య ఒక్కతే ఉంది.

"మామ్?" అనన్య గొంతులో అయోమయం. "వై ఆర్ యూ కాలింగ్ మీ? యూ ఆర్ అప్‌స్టెయిర్స్."

వైదేహి ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది.

"ఎప్పుడో వచ్చావు కదా," ఈసారి తెలుగులో, మెల్లగా అంది అనన్య. "మాట్లాడకుండా పైకెళ్ళావు. కార్పెట్ అంతా బురద. షవర్ ఇంకా ఆన్‌లోనే... నో, వెయిట్... ఆగిపోయింది."

"అనన్యా, వీధి తలుపు తీసుకో. గడప మీద నిలబడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టు."

తలుపు తీసిన చప్పుడు. "ఓకే," అంది అనన్య, ఏడుపు ఆపుకుంటూ.

"నోరా," అంది వైదేహి ఇంగ్లిష్‌లో, ఒక్కో మాట ఒత్తి. "నీ సంతకం కొట్టేశా. నీకోసం మనుషులు వస్తున్నారు. నువ్వు దొరికేదాకా నేనిక్కడే ఉంటా. తప్పు చేసింది నేను, నా దగ్గరికి రా. నా ఇంట్లోంచి, నా పిల్ల దగ్గర్నుంచి బయటికి నడువు."

ఫోన్లో, మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి. తడి అడుగులు. ఆమె మాట పూర్తికాగానే ఆగాయి.

అనన్య ఊపిరి బిగబట్టింది. చర్చి ముందు చీకట్లో వైదేహి కూడా.

తర్వాత ఇంకొక్క అడుగు పడింది. ఫోన్లో కాదు, తన వెనక కంకర మీద.