మస్కట్‌లో మన కారు

ఆదివారం పొద్దున్న విశాఖపట్నం కారు బేరం పోయిందని విజయ్ కుమార్ ఏమీ బాధపడలేదు. బాధపడింది వాళ్ళమ్మ సరోజిని.

"పోనాదా? అదెలాగ పోతాది? పలాసలో జీడిపప్పు షావుకారు భాస్కరరావుగారేనా? మాట మీద నిలబడే మనిషి కదరా ఆయన!" అంటూ పొయ్యి మీద చేపల పులుసు వదిలేసి వాకిట్లోకి వచ్చింది.

"ఆయన కోడలికి జ్వరమంట. వచ్చే వారం ఎల్తారంట. పోన్లేమ్మా, నేను సర్చికెళ్ళి ఎన్నాళ్ళయిపోనాదో. ఈయేల నీతో వత్తాను."

"ఎల్లి పడుకోరాదా? వారమంతా స్టీరింగు పట్టుకుని నడుం పడిపోనాదన్నావు."

"దేవుడి దగ్గరికి వత్తానంటే వద్దనే తల్లిని నిన్నే సూత్తన్నాను."

చర్చి స్త్రీల సమాజానికి పెద్ద సరోజిని, ఊళ్ళో ఎవరు గుడికి రాకపోయినా ఇంటికి వెళ్ళి మరీ నిలదీసే మనిషి, సొంత కొడుకుని రావద్దని ఎలా చెబుతుంది? మాడు వాసన వస్తుంటే పరుగున లోపలికి వెళ్ళింది. ఇంత వయసొచ్చాక చేపల పులుసు మాడ్చడం ఆవిడకదే మొదలు.

విజయ్ కుమార్ టెక్కలి బస్టాండు పక్కనున్న కారు స్టాండులో డ్రైవరు. కారు అతనిది కాదు, గౌరీశంకర్ గారిది. పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ రైళ్ళకీ ఊరందరినీ తిప్పుతాడు గానీ, తన పేరు మీద ఒక్క చక్రం కూడా లేదు. భార్య షాలిని స్వయానా సరోజిని తమ్ముడి కూతురు. మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డిసెంబరుతో ఒప్పందం అయిపోతుంది. వచ్చేస్తుంది, వచ్చాక ఇద్దరూ కలిసి ఒక కారు కొంటారు, విజయ్ సొంత బండి స్టాండులో పెడతాడు. ఈ మాట మీదే ఇంట్లో రోజులు గడుస్తున్నాయి. కూతురు ప్రియ మూడో తరగతి. అమ్మ వచ్చాక కారు ముందు సీటు తనదేనని ముందే చెప్పేసుకుంది.

ఉప్మా తింటూ విజయ్ నిన్నటి బేరం గురించి చెప్పసాగాడు.

"కాలేజీ పిల్లమ్మా. పలాస స్టేషన్లో దింపమన్నాది. ఎక్కీ ఎక్కగానే ఇంటికి ఫోన్ సేసి నా బండి నెంబరు సెప్పీసింది. పలాస వచ్చీదాకా ఫోన్ కట్టీలేదు. అద్దంలో సూత్తే నన్నే సూత్తన్నాది. నేనేటి దొంగనా? ఒళ్ళు మండిపోనాది నాకు."

గరిటె పట్టుకున్న సరోజిని చెయ్యి ఆగింది. "ఆ పిల్లకి నువ్వెవరో ఏటి తెల్సు?" అంది, కొడుకు ముఖం చూడకుండానే.

గుడికి వెళ్ళే దారిలో ఆవిడ నడక చూడాలి! ప్రియ చెయ్యి వదిలేసి, బైబిలు సంచి చంకన పెట్టుకుని, ఆరాధన మొదలవకముందే పాస్టరు ఎడ్వర్డ్ గారిని పట్టుకోవాలని ఒకటే పరుగు. అయితే వీళ్ళు వెళ్ళేసరికి మొదటి పాట అయిపోయింది, ఆయన పుల్పిట్ వేదిక మీద ఉన్నాడు. సరోజిని ఆడవాళ్ళ వైపు బల్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ప్రార్థన ఏమిటో ఆవిడకీ దేవుడికీ తెలియాలి.

వాక్యోపదేశం అయింది. ప్రకటనలు వచ్చాయి. పాస్టరుగారు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈ వారం కృతజ్ఞతార్పణలు. కీర్తిశేషులు రాజరత్నం మాస్టారి కోడలు, మన సహోదరుడు విజయ్ కుమార్ భార్య షాలిని, మస్కట్ దేశంలో దేవుడు తనకు సొంత కారు అనుగ్రహించినందుకు ప్రభువుకు స్తోత్రము చెల్లిస్తూ కానుక సమర్పించారు. పరాయి దేశంలో మన బిడ్డను ఇలా హెచ్చించిన దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అంది సంఘమంతా.

విజయ్ పక్కన కూర్చున్న సూర్యం, అదే స్టాండులో ఆటో డ్రైవరు, మోచేత్తో పొడిచాడు. "ఏటి బావా, మాటైనా సెప్పనేదు! పార్టీ ఎప్పుడు?"

"సర్‌ప్రైజు," అన్నాడు విజయ్. నవ్వాడు కూడా. గుడి బయట ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి కలుపుతుంటే అదే నవ్వు మోస్తూ నిలబడ్డాడు. ఏం కారు, ఏం రంగు అని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాడు. తన పెళ్ళాం కారు కొన్న సంగతి తనకంటే ముందు పాస్టరుగారికి తెలిసింది. ఇంతకంటే తల తీసేసినట్టు ఇంకేం ఉంటుంది?

ఇంటి గుమ్మం దాటగానే ఆ నవ్వు పోయింది.

"నీకు తెల్సు," అన్నాడు తల్లితో. "అందుకే నన్ను రావద్దన్నావు. అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి నన్ను ఎర్రిపప్పని సేసేరు."

"ఒరే బాబూ, కూకో. మంచినీళ్ళు తాగు. అంతా సెప్తాను."

"నువ్వు సెప్పక్కర్నేదు. సెప్పాల్సింది అదీ!"

ఫోన్ తీశాడు. మస్కట్‌లో షాలిని రాత్రి డ్యూటీ దిగి అప్పుడే పడుకుంది. చాలాసేపు మోగాక నిద్రకళ్ళతో తెరమీదికి వచ్చింది. భర్త గుడికి వేసుకెళ్ళే తెల్లచొక్కా చూసి గతుక్కుమంది.

"బావా, ఈయేల వైజాగు బేరం కాదా?"

"ఓహో! నా బేరాలు కూడా నీకు లెక్కేనేటి? నేను ఊళ్ళో లేనప్పుడు సదవమన్నావా స్తోత్రం?"

షాలినికి అర్థమైపోయింది. లేచి కూర్చుంది. "బావా, నేను సెప్దామనే..."

"కారు సంగతి తర్వాత. ముందు ఒక్క మాట సెప్పు. డిసెంబరుకి వత్తన్నావా, నేదా?"

అటువైపు పక్కమంచం మీద ఎవరో అటుఇటు దొర్లిన చప్పుడు మాత్రం వినిపించింది.

"అడుగుతున్నాను కదే!"

"నేదు బావా," అంది చిన్న గొంతుతో. "ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టీసేను. వార్డు మొత్తం నాకప్పజెప్పేరు. నాకింద కేరళోళ్ళు, ఫిలిప్పీనోళ్ళు పని సేత్తన్నారు. నేను ఇంత సేయగలనని నాకే తెల్దు బావా."

"మరి మన కారు?"

"ఇదీ మన కారే. నువ్వు నడపకుండా నేను నడుపుతున్నాను, అంతే."

అది చల్లబరచడానికి అన్న మాటే, కానీ అగ్గిలో నెయ్యి పోసినట్టయింది. "బతుకంతా ఊళ్ళో వాళ్ళ బండి తోలుకునే ఎదవని నేను. నువ్వేమో దొరసానివి. ఉండిపో అక్కడే!" అని ఫోన్ కట్టేసి మంచం మీదికి విసిరాడు. గుమ్మంలో నిలబడ్డ ప్రియ ఇదంతా విన్నది.

"నాన్నా, అమ్మ రాదా?"

"మీ నానమ్మనడుగు. అన్నీ ఆవిడికే తెల్సు."

ప్రియ ఏడుపు మొదలుపెట్టింది. సరోజిని మనవరాలిని ఒడిలోకి లాక్కుని, పక్కింటి ఉషారాణి దగ్గర ఆడుకోమని పంపేసి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది. అంతవరకూ తప్పు చేసినదానిలా ముడుచుకున్న మనిషి ఇప్పుడు కొడుకు ఎదుట నిటారుగా కూర్చుంది.

"ఆ కానుక అది పంపలేదురా. దాని పేరు మీద నేనే ఏసేను."

"నువ్వా?"

"మొక్కుకున్నాను. మొక్కు తీర్చక పోతే ఎలాగ? శుక్రవారం పాస్టరమ్మగారి చేతికి కవరిచ్చేను. సదవొద్దని సెప్పడం మర్చిపోనాను. అది నా తప్పే. సాలినిది కాదు."

"ఏటి ఆ మొక్కు?"

సరోజిని పమిటచెంగు వేళ్ళకి చుట్టుకుంది. "ఎండాకాలంలో ఒకరోజు, నువ్వు నరసన్నపేట పెళ్ళివాళ్ళని తీసుకెళ్ళేవు. రాత్రి భోజనాలేళ. అది నీకు ఫోన్ సేసింది. నువ్వు కట్టీసి, బండి తోల్తన్నానని మెసేజి పెట్టేవు. గుర్తుందా?"

గుర్తుంది. తర్వాత తను చేస్తే "ఊరికే సేసేను బావా" అంది. ఊరికే అనుకున్నాడు, మర్చిపోయాడు.

"నీ తర్వాత నాకు సేసింది. డ్యూటీ దిగి టాక్సీ ఎక్కిందంట. ఆడు రోజూ ఎళ్ళే దారొదిలీసి కొండల్లోకి తిప్పేడంట. దీపం నేదు, మనిషి లేడు. తలుపులు తీద్దామంటే రాలేదంట. ఏడుత్తన్నాది, 'అత్తా, ఫోన్ పెట్టకు, అత్తా, ఫోన్ పెట్టకు' అని. నేనేటి సేత్తాను? ఇక్కడ టెక్కల్లో కూకుని నేనేటి సెయ్యగలను?"

వేళ్ళకి చుట్టిన చెంగు విప్పి మళ్ళీ చుట్టుకుంది. తర్వాత మాట అందుకుంది.

"స్పీకరు పెట్టమన్నాను. 'ఒరే, ఎవుడ్రా నువ్వు! నా కోడల్ని ఎక్కడికట్టుకెళ్తన్నావురా! నీ బండి నెంబరు నాకు తెల్సు, నీ అంతు సూత్తాను!' అని అరిసేను. వీధి వీధంతా ఇళ్ళలోంచి బయటికొచ్చీసింది. ఆడికి తెలుగేటి అర్థమవుతాది? గొంతు అర్థమైనాదేమో. బండి తిప్పేడు. పెట్రోలు బంకు దగ్గర దీపాలు కనబడితే అది తలుపు బాదీసి దిగిపోనాది. అది రూముకెళ్ళి గెడ పెట్టీదాకా నేను ఫోన్ కట్టలేదు. అప్పుడే మొక్కుకున్నాను. ప్రభువా, దీనికో బండి ఇయ్యి, ఇంకెవుడి బండీ ఎక్కకుండా సెయ్యి, నా చేత్తో కానుక తెత్తానని."

విజయ్‌కి నిన్నటి పిల్ల గుర్తొచ్చింది. అద్దంలో తననే చూస్తున్న ఆ కళ్ళు గుర్తొచ్చాయి. ఆ పిల్ల ఒక్కతే కాదు, ఇన్నేళ్ళలో ఎందరో. చీకటి పడ్డాక ఎక్కి, తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అవతల ఎవరూ లేకపోయినా ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించేవాళ్ళు. వాళ్ళని చూసి స్టాండులో తను ఎన్నిసార్లు నవ్వాడో! షాలిని కూడా అలాగే కూర్చుని ఉంటుంది. షాలిని ఫోన్ చేసింది. తను కట్టేశాడు.

"నాకెందుకు సెప్పలేదమ్మా?" అన్నాడు.

"అది నీకే సెప్తాది. నన్నడగకు," అని సరోజిని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడవడానికే వెళ్ళిందని ఇద్దరికీ తెలుసు.

మంచం మీది ఫోన్ తీసి మళ్ళీ చేశాడు. ఈసారి ఒక్క మోతకే ఎత్తింది. ముఖం ఉబ్బి ఉంది. వెనకాల గోడ లేదు, కారు సీటు కనిపిస్తోంది.

"తోల్తన్నావా?"

"నేదు. ఊరికే కూకున్నాను. రూములో ఇంకో ముగ్గురున్నారు బావా. ఏడవాలంటే ఇక్కడే బాగుంటాది."

"అమ్మ సెప్పింది," అన్నాడు.

షాలిని తల వంచుకుంది.

"ఆ రోజు నేను ఫోన్ కట్టీసేను. అందుకేనా నాకు సెప్పలేదు?"

"కాదు బావా. నువ్వు బండి తోల్తున్నప్పుడు ఫోన్ ఎత్తవని నాకు తెల్దా? అది మంచిదే. ఇప్పుడు నేనూ ఎత్తను." కళ్ళు తుడుచుకుంది. "సెప్తే నువ్వు వచ్చీమంటావు. నువ్వు వచ్చీమంటే నేను వచ్చీత్తాను. ఒక్కసారి నువ్వంటే సాలు, ఇంక ఒక్క రోజు ఉండలేను. అందుకే సెప్పలేదు."

తిరిగి రావడం ఇష్టం లేకే షాలిని దాచిందని ఇంతసేపూ రగిలిపోయాడు విజయ్. ఒక్క మాటకి వచ్చేస్తుందట! ఆ మాట ఇప్పుడు అతని నాలుక మీదే ఉంది. వచ్చీ అనాలని ఉంది. ప్రియ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. కానీ వార్డు అప్పజెప్పారని చెప్పినప్పుడు, అంత భయంలోనూ, ఆమె గొంతులో వినిపించిన ఆ కొత్త గర్వం కూడా చెవుల్లోనే ఉంది.

"స్టీరింగు ఎటేపున్నాది?" అన్నాడు.

"ఎడం పక్క. మన దగ్గరలాగ కాదు. పరాయి దేశపోళ్ళకి లైసెన్సు ఇయ్యడానికి సంపేత్తారు బావా. డ్రమ్ములు పెట్టి వాటి మధ్యనించి వెనక్కి తోలమంటారు. ఎన్నిసార్లు తప్పేనో. ఒకసారి డ్రమ్ము గుద్దీసేను కూడాను." ఏడుస్తూనే నవ్వింది. "ఇంటికెళ్ళిపోతున్న ఒక కేరళ సిస్టరు దగ్గర కొన్నాను. పాతదే. ఆసుపత్రికీ రూముకీ తప్ప ఎక్కడికీ ఎళ్ళను. ఎక్కగానే తలుపులన్నీ నా చేత్తో నేనే లాకేసుకుంటాను."

వంటింట్లో చప్పుళ్ళు ఆగిపోయాయి. సరోజిని వింటోంది.

విజయ్ రమ్మని అనలేదు. రావద్దనీ అనలేదు. ఆ రెండు సంవత్సరాలు ఎలా గడుస్తాయో అతనికి తెలియదు. స్టాండులో సూర్యానికి ఏం చెప్పాలో, ప్రియని ఎలా ఊరుకోబెట్టాలో అసలే తెలియదు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"నెంబరు సెప్పు," అన్నాడు.

"ఏ నెంబరు?"

"బండి నెంబరే."

"ఎందుకు బావా? ఇప్పుడు నా బండే కదా."

"అయినా సరే. రాత్రిపూట ఒక్కదానివే ఎళ్తావు. ఇంట్లో ఒకళ్ళకి తెలిసుండాల."

షాలిని ఒక్కొక్క అంకే చెప్పింది. విజయ్ కుమార్ ఒక్కొక్కటే పైకి పలికాడు, వంటింట్లో ఉన్న అమ్మకి కూడా వినిపించేలా.