కోడలితో అగ్రిమెంటు

కాఫీ చల్లారిపోతున్నా దస్తావేజుల రైటరుగారు టైపు మిషను ముందు నుంచి లేవలేదు. చుట్టుపక్కల వీధుల ఒప్పందాలన్నీ ముప్పయ్యేళ్ళుగా ఆయన చేతి మీదుగానే నడిచాయి. "ఒప్పందంలో అందముంది గానీ పట్టు లేదు. అగ్రిమెంటులో సిమెంటుంది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి, తన జోకుకి తనే ముందు నవ్వేవాడు. ఈ పొద్దున ఆ సిమెంటు సొంత ఇంటికే కలుపుతున్నాడు. నవ్వు మాత్రం లేదు.

కొడుకు పోయి మూడేళ్ళు. పుట్టింట్లో ఎవరూ లేని కోడలు, ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసుకుంటూ ఈ ఇంట్లోనే ఉండిపోయింది. వచ్చే నెల ఆమెకి మళ్ళీ పెళ్ళి. సంబంధం మంచిదని ముందు తల ఊపింది రైటరుగారే. మనవరాలు కూడా వెళ్ళిపోతుందన్న సంగతి ఆ తలలోకి ఆలస్యంగా దిగింది. అందుకే ఈ కాగితం. ప్రతి ఆదివారం పిల్లని ఈ ఇంటికి పంపాలి, తప్పకూడదు.

"ఇంట్లో మనిషితో కాగితమేంటండీ? వింటే నవ్విపోతారు," అంది భార్య.

"నవ్వనీ. కాగితం లేకపోతే రేపు ఏడ్చేది మనం."

డ్యూటీకి తయారై వచ్చిన కోడలు ఆ మాట విననే విన్నది. చేతిలో అన్నం డబ్బా బల్ల మీద పెట్టేసింది.

"ఆ కాగితం నాకేనా మామయ్యా?"

"ఊరికే... ఓ అగ్రిమెంటమ్మా."

"అగ్రిమెంటంటే ఒకరికొకరు సరే అనుకోవడమని బళ్ళో చెప్పారు."

"బళ్ళో అలాగే చెప్తారు. సరే అనుకున్నవాళ్ళు నా గుమ్మం ఎందుకెక్కుతారు? రేపు అవతలివాళ్ళు కాదంటారేమోనని భయమున్నవాళ్ళే ఎక్కుతారు."

"అయితే మీకు నేనంటే భయమన్నమాట."

ఆయన మిషను కేసి చూశాడు.

"మూడేళ్ళు మీ మందులు, మీ చాదస్తం, మీ జోకులు అన్నీ నావే అనుకున్నాను. పిల్లని దాచేస్తానని మీకెలా అనిపించింది?" కోడలు చెయ్యి చాపింది. "ఇటివ్వండి. సంతకం పెట్టి పోతాను."

కాగితం లాక్కుని చదివింది. మొదటి పార్టీగా ఆయన పేరు, వయసు, తండ్రి పేరు వరసగా ఉన్నాయి. రెండో పార్టీ దగ్గర తన పేరు ఉంది. దాని పక్కన ఖాళీ.

"ఇక్కడేం రాయలేదే? ఖాళీ ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దని అందరికీ చెప్తారుగా."

రైటరుగారు కళ్ళజోడు తీశాడు. "పొద్దుట్నుంచీ అక్కడే ఆగిపోయానమ్మా. మనిషి ఎవరి తాలూకో రాయాలి. మావాడి భార్య అని కొడదామంటే వచ్చే నెలకి అబద్ధమైపోతుంది. ఆ అబ్బాయి భార్య అందామంటే ఇంకా కాలేదు. నా వేళ్ళూ కదల్లేదు. కోడలన్న మాట కొడుకుతోనే పోతుందని ఇన్నాళ్ళూ తట్టలేదు నాకు."

ఆయన కాగితం తీసుకుని మళ్ళీ మిషనుకెక్కించాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఖాళీలో కొట్టాడు: మొదటి పార్టీ కుమార్తె.

కోడలు ఆయన భుజం మీదుగా చదివింది. చాలాసేపు చదివింది.

"ఇలా రాస్తే తండ్రీకూతుళ్ళ మధ్య అగ్రిమెంటవుతుంది కదా," అంది చివరికి.

"అవును. అలాంటిది నేనెప్పుడూ రాయలేదు. ఎవరూ రాయించుకోలేదు." కాగితం మిషనులోంచి లాగి, బోర్లించి పెట్టాడు.

కోడలు కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. "పెళ్ళి రిజిస్టరులో నా తరఫున సాక్షి కావాలన్నారు. ఎవరిని అడగాలో తెలియక వారంగా నాలో నేనే నలిగిపోతున్నా. మీరు పెడతారా సంతకం?"

ఎందరి చేతో సంతకాలు పెట్టించిన మనిషి, తడి కళ్ళతో జేబులో కలం కోసం తడుముకున్నాడు.

"పెళ్ళి వచ్చే నెలండీ," అంది భార్య, తనూ ఏడుస్తూనే.