మందు గదిలో తడి గోనె

సాత్తూరు రోడ్డు మీద మూతబడిన అగ్గిపెట్టెల ఫేక్టరీ ఉండాదే... పొద్దుపోయినాక దాని మందు గది దిక్కుకు ఎవురూ పోరు. పుల్లలకు మందు అద్దే ఆ గదిలోనే నిప్పంటుకుని మేస్త్రి సుబ్బమ్మాళ్ పోయింది. బతికినన్నాళ్ళూ "మెల్లగా అమ్మీ, మెల్లగా" అని పనోళ్ళను కసిరేది. పోయినాక కూడా అక్కడ దేన్నీ వేగంగా నడవనీదని కోవిల్‌పట్టిలో జనం చెప్పుకునేది.

నేను ఇట్లాంటివి నమ్మేదాన్ని కాదు. మా చిన్నాయన కొడుకు గోకులకృష్ణన్ చెప్పినాక నమ్మకుండా ఎట్లుండేది?

రెండువేల నాలుగులో మావాడి ఓనరు దామోదరసామి ఆ ఫేక్టరీని బాడుగకు తీసుకుని కంప్యూటరు ఆఫీసు చేసినాడు. బాడుగ తక్కువంటే దెయ్యమైనా చుట్టమే ఆయనకు! మందు గదిలో పరీక్ష పెట్టే మెషిను, ముందు గదిలో మావాడు. నెట్‌వర్కు కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాము ఎవరో రాసి పంపుతారు. దాన్ని వరస వరసా చదివి సరో తప్పో తేల్చేది మావాడి పని. కార్డు వేగం వెయ్యి మెగాబిట్లు. వేడెక్కితే మాత్రం వందకు దించమని అందులో ఒక వరస ఉండాది. దించకపోతే కార్డు కాలిపోతుంది.

పగలంతా వెయ్యి. పొద్దు గూకితే... వంద. రోజూ ఇదే కత.

"వేడెక్కింది" అని ముందు గది తెర మీద చూపిస్తుంది మెషిను. మందు గది తలుపు సందులోంచి వచ్చే గాలేమో బావి లోపలి మాదిరి చల్లగా ఉండాది. అది గడువు ఆఖరి రాత్రి. తెల్లారేలోపల తేల్చకపోతే పని మదురైకి పోతుంది, ఇక్కడోళ్ళ నోటికాడి కూడు పోతుంది. మావాడు కూర్చోలేడు, నిలబడలేడు. గోళ్ళు కొరుక్కుంటా మళ్ళీ మళ్ళీ చదివినాడు. తప్పు దొరకలేదు. ఆ వరసను కొట్టేస్తే పీడ వదుల్తుందని మీట మీద వేలు పెట్టినాడు —

టప్...

లోపల నీళ్ళ చుక్క.

టప్... టప్...

ఆ గదిలో కొళాయి లేదు.

తలుపు తోసినాడు. చీకట్లో మెషిను మీద ఎవరో వంగి కూర్చున్నట్టు ఉండాది... తల లేదు!

"అమ్మో!" అని అరిచినాడు. మునుపు ఆ ఫేక్టరీలోనే పనిచేసి, ఇప్పుడు గేటు కాడ కాపలా ఉండే బొమ్మక్క టార్చి పట్టుకుని ఉరికొచ్చింది. వెలుతురు పడితే — గోనె!

"నేనే కప్పినా తమ్ముడూ," అనింది మెల్లగా. "ఆ పెట్టె ముట్టుకుంటే సుర్రుమంటుండాది. వేడి వస్తువు మీద తడి గోనె కప్పకుండా మందు గది తలుపు మూసే వాడుక యాడన్నా ఉండాదా? పొద్దున్నే తీసేస్తా."

మావాడికి నవ్వు, ఏడుపు రెండూ వచ్చినాయి. గోనె కప్పితే గాలి ఆడదు, పెట్టె కాగుతుంది, ఆ వరస వేగం దించుతుంది. ప్రోగ్రాము సరిగానే ఉండాది! కొట్టేసి ఉంటే ఆ గదిలో ఇంకోసారి నిప్పే. ఇంగ "సరి" అని రాసి పంపితే చాలు, అందరి కూడూ నిలిచినట్టే.

"ఉసురు పోయింది గదక్కా! నీకో దండం," అని గోనె లాగినాడు. పొడిగా గరగరలాడింది.

"సాయంత్రం నీళ్ళు పిండి కప్పినాను. ఎప్పుడో ఎండిపోయుంటుంది," అనింది బొమ్మక్క.

టప్...

దాని కింద ఇంకో గోనె ఉండాది. నీళ్ళు కారుతుండాయి. అంచులు కాలి నల్లగా ఉండాయి.

బొమ్మక్క టార్చి దాని దగ్గరగా పట్టి చూసింది.

"నేను కప్పింది... ఒకటే తమ్ముడూ."