లోపలి వైపు గీతలు

అక్రిలిక్కా, గాజా? ఈ ఒక్క ముక్క తేల్చుకోలేక మోహనకృష్ణ వేసవి మొత్తం ఇంట్లో వాళ్ళను వేపుకుతిన్నాడు. విజయనగరంలో మేడ మీద కొత్తగా కొన్న ఇల్లు. హాల్లో తూర్పు గోడకు ఆనించి ఆరడుగుల చేపల తొట్టి పెట్టాలన్నాడు. అందరూ సరేనన్నారు. దాన్ని దేంతో చేయించాలన్న దగ్గరే బండి ఆగిపోయింది. అన్నం కలుపుతూ గాజే మేలంటాడు, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అక్రిలిక్ అంటాడు. నన్ను చేసుకునే ముందు ఇందులో పదోవంతు ఆలోచించావా బావా అని భార్య ఈశ్వరి ఒకటికి నాలుగుసార్లు అడిగింది. అతను వినిపించుకోలేదు.

తొట్టెలమ్మే జగన్నాధం మాత్రం పాపం ఓపిగ్గా చెప్పేవాడు. గాజు మహా బరువు, మేడ మీద స్లాబుకు భారం, దెబ్బ తగిలితే భళ్ళుమంటుంది. కానీ గోరు పెట్టి ఎంత రుద్దినా గీత పడదు. అక్రిలిక్ తేలిక, సుత్తి పెట్టి కొట్టినా పగలదు. కానీ గరుకు గుడ్డ తగిలితే చాలు, గీతే.

"ఒకటి పగులుతాది, ఒకటి గీసుకుంటాది. రెండూ కానిది ఎవుడూ సెయ్యనేదు బాబూ. ఏటో ఒకటి సెప్పు" అన్నాడు చివరికి విసిగిపోయి.

ఇంత యాతనా తల్లి దాలమ్మ కోసం. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే చేపలమ్మి ఇద్దరు కొడుకుల్ని పెంచిన మనిషి. చిన్నకొడుకు శివాజీ వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆనాటి నుంచి ఆమె ఇసకలోనే కూర్చునేది. మోహనకృష్ణ బలవంతాన తన దగ్గరికి తెచ్చుకున్నాడు. తెస్తే మాత్రం? కళ్ళు కప్పి బస్సెక్కి మళ్ళీ ఒడ్డుకే పోయేది. ఇతను థర్మాకోల్ పెట్టెల వ్యాపారం వదిలేసి, బండేసుకుని పోయి వెనక్కి తెచ్చేవాడు. మనిషి దొరకనప్పుడు దర్భబొమ్మ చేసి కర్మ జరిపిస్తారు కదా, అదైనా కానిద్దామంటే, కళ్ళతో చూడకుండా కొడుకును తగలెయ్యమంటావా అని మొహం తిప్పుకునేది. ఎవరిమీద విసుక్కోవాలో తెలియక అతను అందరిమీదా విసుక్కునేవాడు. ఇంట్లోనే కాస్త సముద్రం పెడితే అమ్మ కుదురుగా ఉంటుందని అతని ఆశ.

ఆఖరికి అక్రిలిక్కే తెచ్చాడు. పగలదన్న ఆ ఒక్క మాటకు.

సముద్రపు చేపలకు ఉప్పునీళ్ళు కావాలి. పొడి ప్యాకెట్లు ఉంటాయి, కలుపుకోమన్నాడు జగన్నాధం. ఒడ్డున పుట్టినవాడు ఉప్పునీళ్ళు కొనుక్కోవడమా? మోహనకృష్ణకు రోషం వచ్చింది. వ్యాను కట్టించుకుని, డ్రమ్ములు వేసుకుని సొంత ఊరి తీరానికే వెళ్ళాడు.

ఆ ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. మనిషి దొరకని ఇంటివాళ్ళు అక్కణ్ణుంచి బయల్దేరేటప్పుడు 'పద' అనరు. 'ఇంటికెళ్దాం' అనరు. నోరు మూసుకుని వెనక్కి తిరిగి వచ్చేయడమే. ఎవరితో అన్నారో నీళ్ళలో ఉన్నవాడికి తెలియదు, తననే అనుకుంటాడు. తల్లిని తేవడానికి పోయినప్పుడల్లా మోహనకృష్ణ కూడా ఆమె చెయ్యి పట్టుకుని మాటాపలుకూ లేకుండానే నడిపించుకొచ్చేవాడు. కానీ ఆ వేళ వ్యాను చక్రం ఇసకలో కూరుకుపోయింది. నిండు డ్రమ్ము జారి కాలి మీద పడింది. డ్రైవరేమో చెవిలో ఫోను పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. మోహనకృష్ణకు కోపం నషాళానికి అంటింది.

"పద పద, ఇంటికెలిపోదాం పద!" అని గొంతు చించుకుని అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది. వెనక్కి చూడబుద్ధి కాలేదు. మొండికేసిన చక్రం మాత్రం అప్పుడే, ఎవరో వెనకనుంచి నెట్టినట్టు, ఇసకలోంచి పైకి లేచింది.

తొట్టి నిండింది, చేపలు తిరిగాయి. దాలమ్మ దాని ముందు చాప వేసుకుని కూర్చుంది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది, బస్సు మాట ఎత్తలేదు. మోహనకృష్ణ తన తెలివికి తానే మురిసిపోతుండగా గీతలు కనపడ్డాయి.

పక్కపక్కనే నాలుగు గీతలు. గిన్నెలు తోమే పీచుతో తుడిచావా అని ఈశ్వరి మీద లేచాడు. దాని జోలికే పోలేదని ఆమె ఒట్టేసింది. మాటా మాటా పెరిగి, ఆమె శృంగవరపుకోటలోని పుట్టింటికి పోయి కూర్చుంది. జగన్నాధం దగ్గర పాలిష్ తెచ్చి మోహనకృష్ణ చేతులు పడిపోయేలా రుద్దాడు. పోలేదు. ఇంకాస్త రుద్దాడు. వేలితో తడిమితే నున్నగానే ఉంది. అప్పటికి గానీ వెలగలేదు అతనికి. గీతలు లోపలి వైపు ఉన్నాయి.

నీళ్ళు సగం తోడి, లోపలికి చెయ్యి పెట్టి పాలిష్ చేశాడు. మర్నాటికి మళ్ళీ పడ్డాయి. ఈ దిక్కుమాలిన అక్రిలిక్ ఎందుకు కొన్నానా, హాయిగా గాజు తెచ్చుకుని ఉంటే ఈ పీడ ఉండేది కాదు కదా అని తలకొట్టుకున్నాడు.

ఆ తర్వాత తుపాను పట్టింది. మధ్యాహ్నమే ఊరంతా మసకబారింది. కరెంటు పోయింది. మోహనకృష్ణ తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చి తలుపు తీసేసరికి, ఇల్లంతా నాచు వాసన. దాని వెనకే సన్నగా డీజిల్ వాసన. నీళ్ళు తిప్పే పంపు ఆగిపోయింది. రోజూ వినపడే ఆ గుయ్యిమనే చప్పుడు లేకపోయేసరికి ఇల్లు తన ఇల్లులా లేదు. తొట్టి ముందు తల్లి కూర్చుని ఉంది.

టక్... టక్... కాస్త ఆగి, టక్.

గాజైతే ఖంగుమనేది. ఇది మొద్దు చప్పుడు. అమ్మ కొడుతోందనుకున్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

శివాజీ ఎప్పుడూ తలుపు అలాగే కొట్టేవాడు.

"అమ్మా... ఏటది?"

"సప్పుడు సెయ్యకు" అంది ఆమె గుసగుసగా. "బెదిరిపోతాడు."

చేపలన్నీ ఒక మూలకు పోయి ఒకదానిమీదొకటి పడి ఒదిగి ఉన్నాయి. నీళ్ళలో ఇంకేమీ లేదు. కళ్ళు చికిలించి చూశాడు. ఏమీ లేదు... అయినా చప్పుడు వస్తోంది. గరగరమని. అతను చూస్తుండగానే ఒక గీత పడింది. పక్కన ఇంకొకటి. మూడోది... సగంలోనే ఆగింది. నాలుగోది మళ్ళీ పొడుగ్గా పడింది.

"ఏలు సూడు" అంది దాలమ్మ.

శివాజీ కుడిచేతి ఉంగరపు వేలు సగానికి తెగిపోయింది. చిన్నప్పుడు పడవ ఇంజను బెల్టులో పడి.

మోహనకృష్ణ సుత్తి ఎక్కణ్ణుంచి తెచ్చాడో అతనికే తెలియదు. కొట్టాడు. పగల్లేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చింది. పగలదని ఏరికోరి తెచ్చుకున్నది పగల్లేదు. ఏడుపొచ్చింది అతనికి.

లోపలి నుంచి జవాబొచ్చింది. సరిగ్గా అతను కొట్టినన్ని దెబ్బలు.

"కొట్టకురా" అంది దాలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "ఒడ్డున నువ్వు 'పద' అన్నావు కదూ?"

అతను సుత్తి దించాడు.

"పిలిసినోడే దిగబెట్టాల. ఈ నీళ్ళు ఒడ్డుకే అట్టుకెళ్ళి పోసీ. వానొగ్గాక ఎల్లు. అందాకా నాను కూకుంటాను వాడికాడ."

వాన వదిలేదాకా! ఆ ఇంట్లో ఇంకొక్క క్షణం ఆ నీళ్ళు ఉండడానికి వీల్లేదనిపించింది మోహనకృష్ణకు. చేపల్ని బక్కెట్లోకి తోడాడు. తల్లి ఎంత చెబుతున్నా వినకుండా తొట్టిలోకి పైపు దించి, రెండో కొస బాత్రూం తూములో పెట్టాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి... పోతూనే ఉన్నాయి. ఆఖరి గుక్క తూములోకి జారేటప్పుడు, నోట్లో నీళ్ళు నిండినవాడు మాట్లాడబోయినట్టు చప్పుడైంది. అడుగున ఇసక మిగిలింది. ఇసకలో ఏమీ లేదు.

"ఇంక వాడికి దారి ఎలా తెలుస్తాదిరా" అని మాత్రం అంది దాలమ్మ.

ఖాళీ తొట్టిని జగన్నాధం పట్టుకుపోయాడు. నాలుగు రుద్దులకు గీతలన్నీ పోయాయని ఫోను చేసి మరీ చెప్పాడు. ఈశ్వరి తిరిగి వచ్చింది. దాలమ్మ వేళకు తింటోంది, వేళకు పడుకుంటోంది, ఒడ్డు మాటే లేదు. అత్త కుదురుకుందని ఈశ్వరి సంతోషించింది. మోహనకృష్ణ కోరుకున్నదీ అదే. అయినా అతనికి తిన్నది ఒంటబట్టడం లేదు.

ఒకనాటి పొద్దున్న అతను తన గదిలో గడ్డం గీసుకోవడానికి సరంజామా సర్దుకుంటుంటే, గుమ్మం దగ్గర నిలబడి దాలమ్మ మామూలుగా అంది.

"నీ గది తలుపు కొట్టాడంట. తియ్యనేదంట నువ్వు."

"ఎవరు?" అని అడగలేదు అతను. తలుపు చప్పుడు తనకు వినపడనే లేదు. నవ్వీ నవ్వనట్టు నవ్వి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను అద్దం వైపు తిరిగాడు. నిలువుటద్దం, మందపాటి గాజు. సరిగ్గా అతని మొహానికి ఎదురుగా నాలుగు గీతలు. మూడు పొడుగువి, ఒకటి పొట్టిది.

గాజు మీద గోరుతో గీత పడదు. జగన్నాధం ఎన్నిసార్లు చెప్పలేదు? మోహనకృష్ణ వేలితో మెల్లగా తడిమాడు. నున్నగా ఉంది. చొక్కా అంచుతో రుద్దాడు, గట్టిగా, ఇంకా గట్టిగా. పోలేదు. గోరుతో గోకాడు. గోరు జారిపోయింది.

గీతలు లోపలి వైపు ఉన్నాయి.