వెచ్చగది గడియ

ఆ అమ్మాయి వచ్చి పది నిమిషాలైనా అసలు సంగతి చెప్పలేదు. ఆఫీసు తలుపుకున్న గడియ వంకే చూస్తూ కూర్చుంది. చివరికి, "మా నాన్న పోయి మూడు వారాలైంది సార్. మొన్న సోమవారం, ఆయన పోయిన ఖాళీ గదికి లోపలినుంచి గడియ పడింది. తలుపు బాగుచేసినప్పుడు కొత్తగా పెట్టిన అద్దంలోంచి నేనే చూశాను. లోపల ఎవరూ లేరు," అంది.

డిటెక్టివ్ శాలువా సర్దుకున్నాడు. మండువేసవిలోనూ దాన్ని వదలడు గనక ఊరంతా ఆయన్ని శాలువా అనే పిలుస్తుంది. పక్కన కూర్చున్న సహాయకురాలు టీచరమ్మ. పదేళ్లు కెమిస్ట్రీ చెప్పి, ఆ ఉద్యోగం మానేసి ఈయన వెంట పడింది. దయ్యాలను ఆవిడ నమ్మదు.

అమ్మాయి పనిచేసేది బ్యాటరీల్లో పోసే ద్రవం తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో. దానికి ముఖ్యమైన సరుకు ఇథిలీన్ కార్బొనేట్. ఇథిలీన్ ఆక్సైడునీ కార్బన్ డయాక్సైడునీ కలిపి చేస్తారు. రంగూ వాసనా ఉండవు. మామూలుగా తెల్లటి గడ్డలా ఉంటుంది, ఒంటి వేడి తగిలితే చాలు నీళ్లవుతుంది. అందుకే కలపబోయే ముందు డ్రమ్ముల్ని వెచ్చగదిలో పెట్టి కరిగిస్తారు. ఆ గది చూసుకునేవాడు వాళ్ల నాన్న. లోపలే తల పగిలి పోయాడు. తలుపుకి లోపలినుంచి గడియ వేసి ఉంది కాబట్టి, వేడి పోకుండా ఆయనే వేసుకుని, కాలు జారి డ్రమ్ము అంచుకి కొట్టుకున్నాడని పోలీసులు తేల్చేశారు.

"ఆ పొద్దున ఆయనతో పోట్లాడాను," అంది అమ్మాయి. "ఆ ఫ్యాక్టరీలో పని మానెయ్యమన్నాడు. ఎందుకని అడిగితే వచ్చే సోమవారం చెప్తానన్నాడు. నా జోలికి రావద్దని అరిచాను. ఒంటిగంటకి భోజనానికి పిలుద్దామని తలుపు కొట్టాను. గడియ వేసుంది, పలకలేదు. అలిగాడనుకుని వెళ్లిపోయాను. అప్పుడే తలుపు పగలగొట్టించి ఉంటే బతికేవాడేమో సార్. అందుకే ఆ గడియ నన్ను వెంటాడుతోందేమో."

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లారు. సోమవారం పడ్డ గడియని, అద్దం ఊడదీసి కొక్కెంతో ఎత్తి తలుపు తెరిచారట గానీ, వెచ్చగదిలోకి పనివాళ్లెవరూ అడుగుపెట్టడం లేదు. హీటరు ఆపేసి ఉన్నా, డ్రమ్ముల మధ్య ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు తోచింది టీచరమ్మకి. గడియ తలుపు కింది భాగాన ఉంది. ఇనుప గొట్టంలోంచి జారి నేలలోని రంధ్రంలో పడే కడ్డీ అది. పైకెత్తినప్పుడు దాని పిడి ఆనడానికి ఉండాల్సిన మేకు లేదు. మేకు ఊడిన చోట చెక్క ఇంకా తెల్లగానే ఉంది.

పగిలిన తలుపు బాగుచేసిన వడ్రంగిని అడిగితే, గడియ జిగురు పట్టినట్టు బిగుసుకుపోయిందనీ, చెక్కముక్కతో కొట్టి పైకి తోశాననీ, మేకు తర్వాత వేద్దామనుకున్నాననీ చెప్పాడు. అప్పటికి గది చల్లగానే ఉందట. మొన్న సోమవారమే మళ్లీ హీటరు వేశారు. డ్రమ్ములు మోసే బండివాడు, చావు రోజున పదీ పదికి తలుపు నెడితే కాస్త కదిలిందనీ, వేడి పోతుందని వెంటనే మూసేశాననీ అన్నాడు. అంటే అప్పటికి గడియ పడలేదు.

సరుకు పరీక్షించి సంతకం పెట్టే ఫ్యాక్టరీ కెమిస్టు, ఆ రోజు పది నుంచి ఒంటిగంట దాకా యజమాని గదిలోనే ఉన్నానన్నాడు. యజమానీ అవునన్నాడు.

"గడియ లోపలిది. తీగ దూరే సందు కూడా లేదు. ఆయన కాక ఇంకెవరు వేస్తారు?" అన్నాడు కెమిస్టు.

శాలువా ప్రతి విడత సరుకులోంచీ పరీక్షకని తీసి దాచిన నమూనాలు చూపించమన్నాడు. బీరువా తాళం కెమిస్టు దగ్గరే ఉంది. ఏడో సీసా ఖాళీ. ఒలికిపోయిందన్నాడు. ఏడో విడతతో చేసిన ద్రవం డ్రమ్ములు చావుకి ముందే బ్యాటరీ కంపెనీకి వెళ్లిపోయాయి. తిరిగి వచ్చేముందు శాలువా గడియ గొట్టంలోని తెల్లటి పొరను గోకి, టీచరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తన పాత శిష్యురాలి ల్యాబుకి పట్టుకెళ్లింది.

నాలుగో రోజు అందరూ వెచ్చగది ముందు చేరారు. శాలువా అమ్మాయి చేతికి ఒక చిన్న గాజుసీసా ఇచ్చాడు. లోపల తెల్లటి ముక్క ఉంది.

"గుప్పిట్లో బిగించి పట్టుకో తల్లీ," అన్నాడు.

కాసేపటికి ముక్క కరిగి నీళ్లలా అయింది.

"మీ నాన్నని తలమీద కొట్టి చంపి, మేకు పీకి, ఇలాంటి గడ్డ ముక్కని పిడి కింద పెట్టి, బయటికొచ్చి తలుపు చేరేశాడు ఒకడు. లోపల యాభై డిగ్రీల వేడి. ముక్క కరిగింది, గడియ దానంతటదే పడింది. అప్పటికి వాడు యజమాని ఎదురుగా కూర్చుని ఉన్నాడు. డ్రమ్ములు కరిగే గదిలో ఇంత తడి ఎవరి కంటా పడదని లెక్కేశాడు. శవాన్ని చూశాక హీటరు ఆపేస్తారన్నది మాత్రం తట్టలేదు. గది చల్లబడగానే, గొట్టంలోకి కారిన ద్రవం మళ్లీ గడ్డకట్టింది. వడ్రంగి తోసిన గడియని అదే పట్టుకుని ఉంచింది. సోమవారం హీటరు వేడికి వదిలేసింది. దయ్యం అదీ."

యజమాని కెమిస్టు వైపు తిరిగాడు. టీచరమ్మ ముందుకొచ్చి, గొట్టంలోంచి గోకిన పొరలో ఇథిలీన్ గ్లైకాల్ కూడా దొరికిందనీ, నీరు చేరి పాడైన సరుకులోనే అంత ఉంటుందనీ, వెచ్చగదిలో ఉన్నదంతా మంచి సరుకేననీ వివరించింది. తడి సరుకు పోస్తే బ్యాటరీలు ఉబ్బి అంటుకోవచ్చు. ఏడో విడత సరుకు బాగుందని సంతకం పెట్టింది కెమిస్టే. దాని గడ్డ మిగిలింది ఆయన బీరువాలోనే.

"ఈ పిల్ల నాన్న ఆ సరుకు వెనక్కి తెప్పించమన్నాడు. సోమవారం అందరి ముందూ చెప్పేస్తానన్నాడు," అన్నాడు కెమిస్టు నెమ్మదిగా. ఆ డ్రమ్ములు వాడొద్దని చెప్పడానికి యజమాని ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

అమ్మాయి అక్కడే నిలబడింది. "నేను తలుపు కొట్టినప్పుడు... నాన్న బతికున్నాడా సార్?"

ఇలాంటి చోట అబద్ధమాడినా తప్పులేదనిపించింది టీచరమ్మకి. శాలువా మాత్రం శవపరీక్ష చేసిన డాక్టరు రాసిన కాగితం తీసి చూపించాడు.

"ఒక్క దెబ్బకే పోయాడు తల్లీ, పది కాకముందే. నువ్వెళ్లింది ఒంటిగంటకి."

ఆ పిల్ల ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అయితే అలిగి కాదు," అంది. "నా మీద కోపంతో పలక్కుండా ఉండిపోలేదు." అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది. టీచరమ్మ ఆమె పక్కన కూర్చుంది.