లిస్బన్ మెట్ల మీద దేవుడమ్మ చెప్పులు

ముందే ఒప్పేసుకుంటాను, తర్వాత మీరు తిట్టినా ఫర్వాలేదు. లిస్బన్ ఎలా చూడాలో చెప్తూ నలభై పేజీల గైడ్ రాసేనాటికి నేను పోర్చుగల్ కాదు కదా, మా మలేషియాలోనే ఉన్న లంకావి దీవి దాటి విమానం ఎక్కలేదు.

నాది కౌలాలంపూర్‌లో ఒక ట్రావెల్ యాప్ కంపెనీలో ఉద్యోగం. బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలదండలు కట్టే కొట్టు పైన మా ఆఫీసు. చదివింది కంప్యూటర్ సైన్స్. మ్యాపులు, ఫోటోలు, ఎవరెవరో రాసిన రివ్యూలు ఒక గిన్నెలో వేసి కలిపితే ఊరు తయారవుతుందని నా నమ్మకం. గైడ్ చివర నా పేరు కింద "సుగంధి, లిస్బన్‌లో మూడు నెలలు ఉండి వచ్చారు" అని మా బాస్ రాయించాడు. తీసెయ్యమని నేను అడగలేదు. చదువుకుంటే బాగానే ఉంది మరి.

అసలు తప్పు అది కూడా కాదు. మా యాప్‌లో మసీదైనా గుడైనా "ప్రార్థనా స్థలం" అని గుర్తు పెట్టగానే దాని కింద ఒక వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది: "చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్ళండి." ఆ ఏర్పాటు చేసింది నేనే. మలేషియాలో పుట్టినదాన్ని, గుళ్ళోకే కాదు, క్లినిక్‌లోకి కూడా చెప్పులు విప్పే వెళ్తాను. చర్చికి ఆ వాక్యం అక్కర్లేదేమో అన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ గైడ్‌ని కొన్ని వేలమంది వాడారు. అందులో ఆ వాక్యాన్ని నమ్మి, లిస్బన్‌లో చర్చి మెట్ల మీద చెప్పులు విప్పిన మనిషి మాత్రం ఒక్కరే. మలేషియా ఉత్తరాన సుంగై పెటాని అనే ఊరి దేవుడమ్మ, డెబ్భై నాలుగేళ్ళు.

ఆ సంగతి నాకు చెప్పడానికి ఆవిడ మనవడు వచ్చాడు.

అప్పుడు వాన పడుతోంది. ప్రేమకథ కాబట్టి పడిందనుకోకండి. కౌలాలంపూర్‌లో నాలుగింటికి అది పడుతూనే ఉంటుంది. దాన్ని శకునమనుకుంటే ఏడాదికి రెండొందల మందితో ప్రేమలో పడాలి. అతను తడిసిన బూట్లు ఆఫీసు గుమ్మం బయట విప్పి, సాక్సులతో లోపలికి వచ్చాడు. కుడి సాక్సుకి బొటనవేలి దగ్గర కన్నం ఉంది. ఆ వేలు కూడా కోపంగానే ఉన్నట్టు కనిపించింది.

"మిస్, సుగంధి అంటే ఎవరు?"

నా మెడలో ఐడీ కార్డు వెనక్కి తిప్పేశాను. ఆవిడ లీవులో ఉంది సర్ అన్నాను. మీ పేరేంటి అన్నాడు. నోటికి వచ్చిన మొదటి పేరు చెప్పేశాను. ఉమాదేవి. అది మా అమ్మ పేరు.

అతని పేరు శ్రీకుమార్. సుంగై పెటానిలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. తప్పులు పట్టినందుకే జీతం ఇస్తారట. నా ఎదురుగా కూర్చుని గైడ్ ప్రింటు తీశాడు. చెప్పుల వాక్యం మీద పసుపు గీత ఉంది. తర్వాత ప్లాస్టిక్ సంచీలోంచి ఒక జత నీలం రబ్బరు చెప్పులు తీసి నా కీబోర్డు పక్కన పెట్టాడు. చేపల వాసన వచ్చింది.

కథంతా చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో సూపర్ మార్కెట్ లక్కీ డ్రాలో మామ్మకి రెండో బహుమతి వచ్చింది, ఇద్దరికి లిస్బన్ ట్రిప్. ఆవిడకి కావలసింది మూడో బహుమతి, రైస్ కుక్కర్. మార్చమంటే మార్చలేదు. సరే అని ఇంట్లో ఉన్న రైస్ కుక్కర్‌నే సూట్‌కేసులో పెట్టుకుని బయల్దేరారు. అక్కడ చర్చి ముందు ఆవిణ్ణి వదిలి అతను ట్రామ్ టికెట్లకి వెళ్ళాడు. ఆవిడ గైడ్‌లో చెప్పినట్టే చెప్పులు మెట్ల మీద ఒగ్గేసి లోపలికెళ్ళి దండం పెట్టుకుంది. బయటికొస్తే చెప్పులు లేవు. ఎవరు తీశారో ఆ దేవుడికే తెలియాలి. వాటిని వెతుక్కుంటూ రాళ్ళు పరిచిన ఆ సందుల్లో వట్టి కాళ్ళతో నడిచి తప్పిపోయింది. చేతిలో ఫోను లేదు. శ్రీకుమార్ గంటసేపు ఊరంతా పరిగెత్తాడు.

"గంట తర్వాత చర్చి దగ్గరికే వచ్చింది. ఎవరో చేపలమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ చెప్పులు మా మామ్మ కాళ్ళకి, ఆవిడ ఉత్త కాళ్ళతో."

ఆ గంటలో అతను ఏమేం అనుకుని ఉంటాడో అతను చెప్పలేదు. నేను అడగలేదు. కీబోర్డు పక్కనున్న నీలం చెప్పుల్ని చూస్తూ కూర్చున్నాను.

సారీ చెప్పించుకోవడానికి వచ్చాడేమో అనుకున్నాను. కాదు. ఆ చేపలావిడ పేరు లుర్దెస్. గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది కాబట్టి అంతవరకు తెలుసు. ఇల్లు ఎక్కడో తెలియదు, అడిగేలోపే సందుల్లోకి వెళ్ళిపోయింది. అరువు చెప్పులు ఇంట్లో పెట్టుకుని మామ్మకి అన్నం సహించడం లేదు. తిరిగివ్వాలి. అలాగని ఊరికే ఇవ్వకూడదు. ఇరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వని మనిషి, ఖాళీ చెప్పులు ఎలా ఇస్తుంది? ఒక్కో చెప్పులో ఒక్కో ఆవకాయ సీసా పెట్టి ఇవ్వాలట.

"ఆ సుగంధి మూడు నెలలున్నాది కదా అక్కడ. ఆ ఇల్లు ఆవిడే సూపించాలి."

ఇప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా అని మీరంటారు. మీరు ఆ సాక్సు కన్నం చూడలేదు. ఆవిడ లీవులో ఉంది కాబట్టి నేనే వెతికిపెడతాను సర్ అన్నాను.

అలా మొదలైంది. మ్యాపులో వీధి ఫోటోలు ఉంటాయి కదా, బాణం గుర్తు నొక్కుతూ పోతే నడిచినట్టే ఉంటుంది. రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక నేను ఇక్కడ, అతను అక్కడ, ఫోన్ కాల్‌లో ఒకే స్క్రీన్ చూసుకుంటూ లిస్బన్‌లో నడిచాం. పక్కనుంచి దేవుడమ్మ, లుర్దెస్ తనకి చెప్పులిచ్చిన గుమ్మం గుర్తులు చెప్పేది: గోడకి నీలం పలకలు, కిటికీలో పిల్లి, ఆరేసిన బట్టలు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి అవే గుర్తులు. మిగతా సగానికి పిల్లి మాత్రం లేదు.

మేం మాట్లాడుకునేది సగం తమిళం, పావు ఇంగ్లీషు, మిగిలింది తెలుగు, పైన మలేషియాలో ప్రతి మాట చివరా తగిలించే "లా" కాస్త. మలేషియా వాళ్ళం, ఎదురుగా ఉన్న రోటీ కొట్టుకి కూడా కారులో వెళ్ళి అడ్డంగా ఆపే జాతి. అలాంటిది మూడు వారాల్లో ఆ సందులన్నీ తిరిగేశాం. ఎడమకి తిప్పు అంటే కుడికి తిప్పేవాడు. క్వాలిటీ ఇన్‌స్పెక్టరే కదా నువ్వు అనేదాన్ని. సర్ ఎప్పుడు నువ్వు అయ్యాడో తెలియదు. పడుకోబోయే ముందు "గుడ్ నైట్ ఉమా" అని మెసేజ్ పెట్టేవాడు. గుండె ఝల్లుమనేది. ఆ వెంటనే, అది మా అమ్మకి పెట్టినట్టుందని గుర్తొచ్చేది.

మధ్యలో ఆ సుగంధిని బాగా తిట్టేవాడు. అబద్ధాలకోరు, సోమరిపోతు. నేను కూడా కాస్త తిట్టాను. తిట్టకపోతే అనుమానం వస్తుందని.

ఇరవై రెండో రోజు దొరికింది. మెట్ల సందు, నీలం పలకల గోడ, గుమ్మంలో స్టూల్ వేసుకుని ఒకావిడ. మొహం కనపడకుండా మసక చేశారు. కాళ్ళు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కాళ్ళకి నీలం రబ్బరు చెప్పులు.

ఆ ఫోటోని పెద్దది చేసి రెండుసార్లు చూసుకున్నాం. తర్వాత అతను, "ఉమా, నువ్వొకసారి సుంగై పెటాని రావాలి. మామ్మ సూస్తానన్నాది," అన్నాడు. ఆగి, "నేను కూడా," అన్నాడు.

ఉమని రమ్మంటే సుగంధి ఎలా వెళ్తుంది? వెళ్ళకపోతే ఆ "నేను కూడా" పోతుంది. వెళ్ళి చెప్పినా పోతుంది. ఎలాగూ పోయేదాన్ని మొహం చూసి పోగొట్టుకుందామని శనివారం పొద్దున్నే కౌలాలంపూర్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కాను. నాలుగు గంటలు స్పీచ్ ప్రాక్టీస్ చేశాను. దారిలో ఇపో ఊరు దాటేసరికి అందులో నాకే ఒక్క ముక్క నచ్చలేదు.

దేవుడమ్మ నన్ను కూర్చోబెట్టి ఆకులో అన్నం వడ్డించింది. శ్రీకుమార్ ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి సాక్సులు లేవు. నేను ఐడీ కార్డు పేరు కనపడేలా తిప్పి బల్ల మీద పెట్టాను.

"నేనే సుగంధిని. లిస్బన్ నేనెప్పుడూ చూడలేదు. ఆ చెప్పుల మాట రాసింది నేనే. మీ చెప్పులు నా వల్లే పోయాయి మామ్మా."

శ్రీకుమార్ కార్డు చదివాడు. రెండోసారి కూడా చదివాడు. లేచి బయటికెళ్ళి, పొద్దున్నే కడిగిన బైకుని మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

దేవుడమ్మ మాత్రం పప్పు గరిటె దించలేదు.

"నాకు తెలీదేటే గుంటా? మూడు నెల్లున్న మనిషి ఆ ఊరు ఎత్తుగుంటాదని ఒక్క ముక్క రాయదేటి? దిగిన రోజే నా మోకాళ్ళకి తెలిసిపోనాది, ఇది రాసినోళ్ళు ఆ ఊరు సూడనేదని."

మరి తెలిసీ చెప్పులు ఎందుకు విప్పారని అడిగాను. నువ్వు రాశావని కాదు, దేవుడి ఇల్లు కాబట్టి విప్పాను అంది. రాయకపోయినా విప్పేదాన్నే అంది. అప్పటిదాకా బిగపట్టుకున్నది కాస్తా కళ్ళలోంచి వచ్చేసింది. ఆవిడ నా ఆకులో ఇంకో గరిటె వేసింది.

"సెలిపర్ పోతే పోనాది లా. పోబట్టే కదా లుర్దెస్ దొరికినాది. ఆడి కాడ అబద్దమాడినావు సూడు, అది నా లెక్కలోది కాదు. తినేసి నువ్వే ఎల్లి సెప్పుకో."

తినేసి వెళ్ళాను. అతను చక్రం పుల్లలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. నేను ఒక గుడ్డ తీసుకుని రెండో చక్రం దగ్గర కూర్చున్నాను. మా బాస్‌కి చెప్పి గైడ్‌లోంచి ఆ వాక్యం, ఆ మూడు నెలలు రెండూ తీయించేశానని చెప్పాను. అతను ఇంకో పుల్ల తుడిచాడు. మొదటిరోజే చెప్పి ఉంటే నువ్వు రెండోరోజు ఫోన్ చేసేవాడివి కాదు, అందుకే చెప్పలేదు అన్నాను.

అతను గుడ్డ పిండి మళ్ళీ తుడుస్తూ అడిగాడు. "ఇంతకీ ఉమ అంటే ఎవరు?"

"మా అమ్మ."

గుడ్డ ఆగింది. "మూడు వారాలు నేను గుడ్ నైట్ పెట్టినది మీ అమ్మకా?"

"ఆవిడకి తెలియదులే."

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోపమేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకోవడం ఆ మనిషికి రాదు. నవ్వడం అయ్యాక మాత్రం సీరియస్‌గా చూశాడు.

"ఆ గంట నేను పరిగెత్తినది మర్చిపోలేను. నువ్వు కూడా ఆ రాళ్ళ మీద నడిచి సూడాలి. అప్పుడు చెప్తాను, క్షమించినానో లేదో."

అక్టోబరులో నడిచాను. ముగ్గురం వెళ్ళాం, రైస్ కుక్కర్‌తో కలిపి నలుగురం. నేను, దేవుడమ్మ ఒక రూము, అతను ఒక రూము. మా అమ్మ దగ్గర పర్మిషన్ అతనే అడిగాడు. ఫోన్‌లో "ఆంటీ" అన్నాక ఎందుకు నవ్వాడో అమ్మకి ఇప్పటికీ తెలియదు.

లిస్బన్ గురించి నేను రాసినదాంట్లో నది ఒక్కటే నిజం. మిగిలినదంతా ఎత్తు. మ్యాపులో అయిదు నిమిషాలని నేను రాసిన చోట ముప్పావుగంట ఎక్కాను. పాత గోడల మధ్య కాల్చిన చేపల పొగ, తలమీద కారే తడి దుప్పట్లు, సందు చివర ఒక్కసారిగా నది, దాని మీద ఓడ. అవేవీ డేటాలో లేవు. చర్చి ముందు నేను చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని లోపలికెళ్ళాను. విప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు, వదలటం అంతకన్నా కాలేదు. శ్రీకుమార్ నన్ను చూశాడు. తన బూట్లు కూడా విప్పాడు. సాక్సు అదే.

నీలం పలకల ఇంటి ముందు లుర్దెస్ స్టూల్ మీదే ఉంది. దేవుడమ్మని చూసి, చేపలు గీకే కత్తితో సహా లేచి కౌగిలించుకుంది. దేవుడమ్మ చెప్పులు ఇచ్చింది, ఒక్కో దాంట్లో ఒక్కో సీసాతో. ఆవిడ పోర్చుగీసు, ఈవిడ తెలుగు, అరగంట సేపు ఒక్క క్షణం ఆగకుండా మాట్లాడుకున్నారు. లుర్దెస్ అక్కడే మూత తీసి ఆవకాయ వేలితో రుచి చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంకోసారి ముంచింది. లోపలికెళ్ళి పెద్ద గాజు సీసాలో ఆలివ్ కాయలు తెచ్చి దేవుడమ్మ చేతిలో పెట్టింది.

దేవుడమ్మ సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచి సీసా. తిరిగిచ్చేయాలి."

"ఖాళీగా ఇవ్వకూడదు కదా మామ్మా," అన్నాను.

"అయితే మళ్ళీ రావాలి," అన్నాడు శ్రీకుమార్. నా వైపు చూడకుండా, మెట్లు చూస్తూ అన్నాడు. "అప్పుడు కూడా రెండు రూములే చాలు. ఏ రూములో ఎవరన్నదే మారాలి."

నాకు అర్థం కావడానికి ఒక మెట్టు దిగేంతసేపు పట్టింది. దేవుడమ్మకి అది కూడా పట్టలేదు.

"మీ అమ్మని కూడా తీసుకొచ్చీ," అంది. "నాకు తోడు గదిలో ఎవులుండాలి మరి?"

ఇదంతా ఆ మెట్ల మీదే కూర్చుని ఫోన్‌లో రాశాను. పక్కన శ్రీకుమార్ ఆలివ్ కాయలు తింటున్నాడు, సీసా ఖాళీ చేసే పని మీదున్నాడు. గైడ్‌లో కొత్త వాక్యం పెట్టాను: "ఈ ఊరు ఎత్తు. నడిచి చూసి రాస్తున్నాను."

ఇక మీ వంతు. మీరు చూడని ఊరి గురించి, చెప్పకూడని మనిషికి, ఎప్పుడైనా అబద్ధం చెప్పారా? ఎవరి చెప్పులైనా మీ ఇంట్లో ఉండిపోయాయా? రాసి పంపండి. పేరు మార్చుకోవాలనుకుంటే మార్చుకోండి, మీ అమ్మ పేరు మాత్రం వాడకండి.